సంక్రాంతికి క్యారవాన్‌లో వచ్చేవారికి మా తోట సంగతి, ఉన్నదున్నట్టు

అందరికీ నమస్కారమండి. పండక్కి క్యారవాన్ (పడక, వంట, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) వేసుకుని కోనసీమ వస్తామంటూ ఫోన్లు మొదలయ్యాయి. భీమవరం, అమలాపురం లాడ్జీల్లో పండగ మూడు రోజులూ గది దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే. రాజోలు దగ్గర మా కొబ్బరితోటలో ఆరు బళ్ళకు చోటుంది. ఈ సీజనుకు కొన్ని మార్పులు చేశాం. అవి చెబుతూనే, మా దగ్గరకు రాకపోయినా సరే, డెల్టాలో ఎక్కడ బండి పెట్టుకోవాలన్నా ఏం చూసుకోవాలో కూడా చెబుతాను. ఇవన్నీ రాస్తే బుకింగులు పోతాయని మా ఆవిడ గొడవ. పోతే పోనివ్వండి. పిల్లలతో వచ్చి పండగపూట అవస్థ పడితే మీకూ మాకూ మనశ్శాంతి ఉండదు.

ముందు పెద్ద మార్పు. ఏటిగట్టు అవతల, గోదావరి అంచున ఇచ్చే చోట్లు ఇక ఇవ్వం. అందరూ అడిగేది వాటినే, ఫొటోలు బాగా వచ్చేదీ అక్కడే. జనవరిలో వరద భయం ఉండదు, నిజమే. కానీ అక్కడి నేలను నమ్మడానికి లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చాయి. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారంటే ఎంత వరదో ఊహించుకోండి. అంత పెద్దది రాకపోయినా, ఏటి కోత వల్ల అంచు ఏటికేడు లోపలికి జరుగుతూనే ఉంటుంది. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు కింద మెత్తగా ఉంటుంది. నాలుగు టన్నుల బండి ఒక రాత్రి నిలబడితే వెనక చక్రాలు దిగబడతాయి, ట్రాక్టరు పెట్టి లాగించాల్సిందే. అందుకే ఎవరి దగ్గర బుక్ చేసినా ముందు ఒక్క మాట అడగండి: మీ చోటు గట్టుకు లోపలా (ఊరివైపా), బయటా (ఏటివైపా)? తర్వాత, చక్రాల కింద గ్రావెల్ తోలారా లేదా అన్నది. ఫొటోలో పచ్చగడ్డి ఎంత అందంగా ఉంటే అంత అనుమానించండి.

కొబ్బరిచెట్ల నీడన బండి పెట్టాలని చాలామందికి సరదా. మేం నీడ పక్కన పెట్టిస్తాం, కింద కాదు. కాయ పడితే బండి పైకప్పు సొట్టపోతుంది, సోలార్ పలక పగులుతుంది. మనిషి మీద పడితే చెప్పక్కర్లేదు. ఎండుమట్టలు గాలి లేకపోయినా రాలతాయి. పండక్కి వారం ముందే కాయలు దింపించి మట్టలు కొట్టిస్తాం. అయినా పిల్లల మడతమంచాలు, మీ గుడారం పందిరి ఖాళీ జాగాలోనే వేయాలి. మా దగ్గర ఇది ఖచ్చితమైన రూలు, బతిమాలినా మారదు. చలిమంట కూడా మేం చూపించిన ఇసుక గుంటలోనే, పడుకునే ముందు నీళ్ళు కొట్టి ఆర్పాలి.

ఇక కరెంటు. అమెరికాలో ఆర్వీ పార్కులకు, అంటే క్యారవాన్లు నిలుపుకునే చోట్లకు, అలవాటుపడిన మనవాళ్ళు ఫోన్ చేయగానే 'ముప్పై ఆంపా, యాభై ఆంపా' అని అడుగుతారు. మా దగ్గర ఒక్కో బండికి 16 ఆంప్ పాయింటు ఇస్తాం. విని నిరుత్సాహపడకండి. అక్కడి 30 ఆంప్ లైను 120 వోల్టుల మీద నడుస్తుంది, అంటే 3,600 వాట్లు. ఇక్కడ 230 వోల్టులు కాబట్టి 16 ఆంపులకే 3,680 వాట్లు వస్తాయి. రెండూ దాదాపు ఒకటే. కానీ గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఏసీ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. పైగా పండగ ఉదయాల్లో ఊరంతా గీజర్లు వేస్తారు, వోల్టేజి 200 కిందికి జారుతుంది. బండిలో స్టెబిలైజర్ లేకపోతే ఆ గంటా ఏసీ జోలికి పోకండి. జనవరిలో ఇక్కడ ఏసీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది వేరే సంగతి. ఈసారి ప్రతి పాయింటుకూ కొత్తగా ఎర్తింగ్ వేయించి, విడిగా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించాం. వేరేచోటికి వెళ్తే ఎర్తింగ్ గురించి మొహమాటపడకుండా అడగండి. తడి నేల మీద ఇనుప బండి, ఊరికే అడగమనడం లేదు.

నీళ్ళు మా బోరువే. స్నానానికి, గిన్నెలకు బాగుంటాయి. తాగడానికి కాదు, ఉప్పదనం తగులుతుంది. సముద్రం దగ్గరపడే కొద్దీ డెల్టాలో చాలా బోర్లది ఇదే తీరు. తాగడానికి 20 లీటర్ల టిన్ను రోజుకొకటి మేమే ఇస్తాం, దానికి డబ్బుల్లేవు.

మురుగు గురించి ఎవరూ అడగరు, అసలు అడగాల్సింది అదే. పూర్తి సదుపాయాలున్న ఆర్వీ పార్కులో కరెంటు, నీళ్ళతో పాటు మురుగు గొట్టం కూడా బండి దగ్గరకే వస్తుంది. మాకు అది లేదు. తోట చివర ఒక చాంబరు కట్టించాం, బండిని అక్కడికి తెచ్చి టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకోవాలి. అది ఇంటి సెప్టిక్ ట్యాంకుకు కలవదు. బండి టాయిలెట్లలో వాడే కొన్ని మందులు సెప్టిక్‌లో మురుగును అరిగించే సూక్ష్మజీవులను చంపేస్తాయి, అందుకే విడిగా కట్టి ట్యాంకరుతో తోడిస్తాం. ఆ ఖర్చే ఈసారి రేటులో కలిసింది. రాత్రికి బండికి 1,800 రూపాయలు, పండగ మూడు రోజులూ అదే రేటు. ఇంకోచోట తక్కువకే ఇస్తామంటే 'మురుగు ఎటు పోతుంది' అని అడగండి. 'పక్కన కాలువ ఉందిగా' అన్నారంటే వేరే తోట చూసుకోండి. జనవరిలో కాలువలు దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నిండుగా పారుతుంటాయి. ఊరి చెరువులు నింపుకునేదీ, జనం తాగేదీ ఆ నీళ్ళే.

దారి సంగతి. విజయవాడ వైపు నుంచి వచ్చేవారు నర్సాపురం రేవులో పంటు (బళ్ళను ఏరు దాటించే పడవ) ఎక్కించే ఆలోచన పెట్టుకోకండి. సరదాగా కారుకైతే సరే, క్యారవాన్‌కు రేవు ఏటవాలు పడదు. 216 హైవే మీద చించినాడ వంతెన దాటి రండి. హైవే దిగాక మా వరకూ కాలువ గట్టు రోడ్డే. టెంపో ట్రావెలర్ సైజు బండి హాయిగా వస్తుంది. బస్సంత బండికి మా వంతెన దగ్గర మలుపు తిరగదు, కరెంటు వైర్లు కూడా కిందికే ఉంటాయి. అలాంటి బండి ఉంటే హైవే పక్కన కల్యాణ మండపాల ఆవరణ మాట్లాడుకోవడం మంచిది. తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది, ఎనిమిదింటికి ముందు గట్టు రోడ్డెక్కకండి.

నిశ్శబ్దం కోసం వచ్చేవారు మాత్రం పండగ వదిలేసి జనవరి ఆఖరులో రండి. ధనుర్మాసం కాబట్టి భోగి దాకా తెల్లారకుండానే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. దాన్ని ఆపమని నేను అడగను, మీరూ అడగకండి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం (అలంకరించిన ప్రభలు ఊరేగే జాతర) చూడాలనుంటే బండి ఇక్కడే వదిలి ఆటోలో వెళ్ళండి. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రులు ఒక్కచోట చేరతారు, ఆ రోజు అటువైపు క్యారవాన్ తీసుకెళ్ళడం అయ్యే పని కాదు. భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం రోజులూ అంతే.

ఏటి అంచు చోట్లకు ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారికి ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. గట్టు లోపల చోటు సరేననుకుంటే అదే రోజులకు ఉంచుతాం. వద్దంటే అడ్వాన్సు మొత్తం తిరిగి పంపుతాం. పెంపుడు కుక్కల్ని తెచ్చుకోవచ్చు. పందెం పుంజుల్ని తోటలో కట్టుకుంటామని ఒకరిద్దరు అడిగారు, దానికి మాత్రం కుదరదండి.