లూసిల్ కోసం వేలికి కాయ

అయ్యా,

కావలిలో మోటారు వైండింగ్ షాపు నాది. యాభై రెండేళ్లకు గిటారు పట్టాను, అమెరికా గిటారిస్టు బీబీ కింగ్ పిచ్చితో. 1949లో అక్కడి ఆర్కన్సా రాష్ట్రంలో ఇద్దరు కొట్టుకోవడంతో డాన్స్ హాలు తగలబడితే, లోపల వదిలేసిన గిటారు కోసం మళ్లీ మంటల్లోకి దూరాడాయన. ఆ గొడవ లూసిల్ అనే అమ్మాయి గురించని తెలిసి గిటారుకు ఆ పేరే పెట్టుకున్నాడు.

1969లో ఆయన రికార్డు చేసిన ‘ది థ్రిల్ ఈజ్ గాన్’లో ఒక్క స్వరం దగ్గరే మూడు నెలలుగా ఆగిపోయాను. తీగను పక్కకు నెట్టి, వేలు వణికించాలి. మన వీణ గమకంలాంటిదే. నాకేమో పిల్లి అరిచినట్టొస్తుంది. ‘రాగితీగ చుట్టే చెయ్యి ఇదేనా?’ అంటుంది మా ఆవిడ.

మీ ఆదివారం సంచికలో ఇలాంటి వాద్యకారుల గురించి నెలకోసారైనా రాయండి. సినిమావాళ్ల పుట్టినరోజులు కాస్త తగ్గినా ఫర్వాలేదు.

– ఒక పాఠకుడు, కావలి