అవి మంచుగడ్డలు కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు ప్రచురించిన బ్రెకెన్‌రిడ్జ్ ఫొటో కింద ‘మంచుగడ్డలను చెక్కి మలచిన శిల్పాలు’ అని రాశారు. అమెరికాలోని కొలరాడోలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక జనవరి నెలాఖరున ఆ కొండ ఊరిలో జరిగే శిల్పాల పోటీని కళ్లారా చూసినవాణ్ణి కనుక, అవి గడ్డలు కావని, ఒట్టి మంచేనని మనవి చేస్తున్నాను. వేకువన గడ్డిపరకల మీద మెరిసేదీ, దూదిపింజల్లా ఆకాశం నుంచి రాలేదీ మనకు మంచే కాబట్టి ఈ తేడా చిన్నదిగా తోచవచ్చు గానీ, ఆ శిల్పుల పనితనమంతా దానిమీదే ఆధారపడి ఉంది.

చైనాలోని హార్బిన్‌లో, గడ్డకట్టిన సోంగ్‌హువా నది నుంచి కోసి తెచ్చిన దిమ్మెలతో కట్టడాలు కడతారు. అవి గాజులా ఉంటాయి, లోపల దీపాలు పెడితే వెలుగుతాయి. బ్రెకెన్‌రిడ్జ్‌లో యంత్రాలతో తయారైన మంచును పెద్ద చెక్క పెట్టెల్లో పోసి, ఇటుకల మట్టి తొక్కినట్టు కాళ్లతో తొక్కుతారు. ఆకాశం నుంచి పడిన మంచు రేకుల మధ్య గాలి ఎక్కువగా నిలుస్తుంది. యంత్రపు మంచు సన్నని రవ్వలా ఉండి, దగ్గరగా సర్దుకుని, ఒకదానికొకటి అతుక్కుంటుంది. చెక్కలు విప్పేసరికి 12 అడుగుల ఎత్తున, 20 టన్నులకు తక్కువ కాని తెల్లని దిమ్మె నిలిచి ఉంటుంది. నలుగురేసి ఉండే జట్లు కరెంటు పనిముట్లు, రంగులు, లోపల ఆధారానికి ఊచలు ఏవీ లేకుండా చేతి పనిముట్లతోనే దాన్ని మలచాలి.

నేను చూస్తుండగా ఒకాయన కోళ్లగూటికి వాడే తీగవలతో ఒక వంపును రుద్దుతుంటే, కోరిన కొబ్బరిలా పొడి ఆయన బూట్ల మీద రాలింది. గడ్డ అయితే అలా రాలదు, పెళ్లలుగా విరుగుతుంది. పగటి ఎండకు మంచు మెత్తబడుతుంది కనుక చలి బిగిసే రాత్రి వేళ కూడా పని సాగుతుంది.

ఆ ఫొటోతో వచ్చిన మీ వ్యాసంలో ఊరి ఎత్తు ప్రస్తావనే లేదు. ఆ ఊరు సుమారు 9,600 అడుగుల ఎత్తున, అంటే తిరుమల కొండకు దాదాపు మూడు రెట్ల ఎత్తులో ఉంది. మొదటి రోజు నాకు తలనొప్పి తప్పలేదు. పిల్లల దగ్గరికి వెళ్లే నా వయసు వారు ముందు దిగువనున్న డెన్వర్ నగరంలో ఒకటి రెండు రోజులు ఉండి, ఆపైన కొండెక్కడం మేలు.

వచ్చే సంచికలో ఆ వ్యాఖ్యను ‘తొక్కి గట్టిపరచిన మంచుతో మలచిన శిల్పాలు’ అని సవరించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి