కొండారెడ్డి బురుజును ఇలా కూడా గీయొచ్చు

సంపాదకులకు,

కర్నూలులో ఏ డ్రాయింగ్ పోటీ పెట్టినా కొండారెడ్డి బురుజు ఒకేలా వస్తుంది: ముందు నుంచి, నీలాకాశం కింద, చుట్టూ మనిషన్నవాడు లేకుండా. పిల్లలు ఫొటో చూసి గీస్తున్నారు మరి!

దానికి బదులు పిల్లల్ని బురుజు ముందు కూర్చోబెట్టి, కాగితం వైపు చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా, రాళ్ల అతుకుల వెంట చూపు కదులుతుంటే కాగితం మీద గీత లాగమనండి. బొమ్మ వంకరపోతుంది కానీ కన్ను ప్రతి రాయి దగ్గరా ఆగుతుంది. ట్రేసింగ్ పేపర్లు ఒకదానిమీద ఒకటి పరిచి విజయనగర కాలపు కోట, 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా మారిన ఊరు, 2009 అక్టోబరు వరద, ఇవాళ్టి ఆటోలు విడివిడిగా గీయించొచ్చు. గోడకే కాగితం ఆనించి బొగ్గు రుద్దడం మాత్రం వద్దు, పాత రాయి పాడవుతుంది.

వచ్చే పోటీలో ఇలాంటి బొమ్మలకూ ఒక విభాగం పెట్టాలని నిర్వాహకులను కోరుతున్నాను.

- ఒక డ్రాయింగ్ టీచర్, కర్నూలు