పాత ఊరు మళ్ళీ చూడాలనుకునే పెద్దవాళ్ళ కోసం కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో కరీబియన్ దీవుల మీద వేసిన వ్యాసం చదివాను, ఫొటోలు చాలా బాగున్నాయి, కానీ అందులో అన్నీ కొత్తగా పెళ్ళైనవాళ్ళకి, క్రూయిజ్‌లో తిరిగేవాళ్ళకి పనికొచ్చే విషయాలే. ఆ దీవుల్లో ఉద్యోగాలు చేసి వచ్చిన తెలుగువాళ్ళు కూడా ఉన్నారండి, డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు, ఇప్పుడు వాళ్ళకి డెబ్బై దాటాయి, పిల్లలు అమెరికాలో ఉంటే విజయవాడలోనో గుంటూరులోనో అపార్ట్‌మెంట్లో ఇద్దరే ఉంటున్నారు. ఒక్కసారి ఆ ఊరు చూసి రావాలని మనసులో ఉంటుంది, బయటికి చెప్తే "ఈ వయసులో అంత దూరం ఎందుకమ్మా" అంటారు. నేనైతే వెళ్ళమనే చెప్తాను, అదీ వాయిదాలు వెయ్యకుండా వెళ్ళమంటాను, పిల్లల్ని కూడా అడ్డు చెప్పొద్దని అడుగుతున్నాను. కాకపోతే ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి మన పేపర్లలో ఎక్కడా కనపడట్లేదు.

మా వారు డాక్టర్, 80ల్లో ట్రినిడాడ్‌లో శాన్ ఫెర్నాండో వైపు పనిచేశారు, నేను అక్కడ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. వెనిజులా తీరానికి దగ్గర్లో ఉంటుంది ఆ దీవి. మొదట్లో చమురు డబ్బు బాగా ఉండేది, అమెరికా డాలర్‌కి వాళ్ళ డాలర్లు 2.40 ఉండేవి, చమురు ధర పడిపోయాక 1985 డిసెంబర్‌లో 3.60 చేశారు, దాంతో ఇంటికి పంపే డబ్బు బాగా తగ్గిపోయింది, మాలాంటివాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని వచ్చేశారు. మళ్ళీ ఇన్నాళ్ళకి ఇద్దరం వెళ్ళొచ్చాం.

మేం ఉన్నప్పుడు చగ్వానస్ నుంచి కూవా మీదుగా శాన్ ఫెర్నాండో వచ్చే దారంతా చెరుకు తోటలే, మన ఉయ్యూరు వైపు ఎలా ఉంటుందో అలా. కోతకి ముందు తోట తగలబెట్టేవాళ్ళు, ఆ నుసి వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది, సీజన్ అంతా మళ్ళీ మళ్ళీ ఉతుక్కోవడమే. ఇప్పుడు అక్కడ చెరుకు లేదు. కరోనీ అనే ప్రభుత్వ చెరుకు కంపెనీని 2003లో మూసేశారు, వేలమందికి ఒకేసారి ఉద్యోగాలు పోయాయి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడలో మొదటి భారతీయ కూలీల్ని తీసుకెళ్ళి అక్కడ దింపింది ఈ చెరుకు కోసమే కదండీ, 1917 దాకా ఓడలు వెళ్తూనే ఉన్నాయి, లక్షా నలభై వేలమందికి పైగా వెళ్ళారు, ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి. అంతమంది ముత్తాతల్ని ఏ పంట కోసం తీసుకెళ్ళారో ఆ పంటే లేకుండా పోయింది, వాళ్ళ మనవలు మాత్రం ఆ ఊళ్ళోనే నిలబడ్డారు, బడులు కట్టుకున్నారు, ప్రధానమంత్రులయ్యారు. మా వారు కారు ఆపించి చాలాసేపు ఆ ఖాళీ పొలాల వైపే చూస్తూ నిలబడ్డారు. పాత ఊరు వెతుక్కుంటూ వెళ్తే ఇలాంటివి ఉంటాయి, మనసు గట్టి చేసుకుని వెళ్ళాలి.

కానీ పోయినవే కాదు, కొత్తగా వచ్చినవి కూడా ఉన్నాయి, అవి చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడ వాటర్లూ అనే ఊళ్ళో సముద్రంలో గుడి ఉంది. శివదాస్ సాధు అనే చెరుకు కూలీ 1947లో కంపెనీ స్థలంలో గుడి కట్టుకుంటే కేసు పెట్టి జైల్లో వేశారు, గుడి పడగొట్టారు, భూమి మీద కడితే ఊరుకోవట్లేదు కదా అని ఆయన సముద్రంలోకి సైకిల్ మీద రాళ్ళూ సిమెంటూ మోసుకెళ్ళి ఏళ్ళ తరబడి ఒక్కడే కట్టాడు. మేం ఉన్న రోజుల్లో అది అలలకి సగం కొట్టుకుపోయి ఉండేది. భారతీయులు వచ్చి 150 ఏళ్ళయిన సందర్భంగా 1995లో దాన్ని మళ్ళీ కట్టారు, ఇప్పుడు గుడిదాకా నడిచి వెళ్ళొచ్చు, ఒడ్డున ఆయన విగ్రహం కూడా పెట్టారు. అక్కడికి దగ్గర్లోనే కరపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు, మేం వచ్చేశాక 2003లో వచ్చింది, పెట్టించింది మన పటమటలో ఆశ్రమం ఉన్న గణపతి సచ్చిదానంద స్వామివారే. మన పరిటాల ఆంజనేయుడు 135 అడుగులు, అదీ 2003లోనే! చగ్వానస్‌లో దివాలీ నగర్ అనే దీపావళి ఉత్సవాన్ని 1986లో మొదలుపెట్టినప్పుడు మేం అక్కడే ఉన్నాం, చిన్నగా మొదలైంది, ఇప్పుడు ఎంత పెద్దదైందో చెప్పలేను. బీచ్‌ల గురించి మీ వ్యాసంలో రాశారు కాబట్టి నేను రాయను.

అన్నిటికంటే ముఖ్యం మనుషులు. అక్కడ క్రిస్మస్‌కి సారెల్ అని ఎర్ర షర్బత్ చేస్తారు, అది గోంగూర కాయల మీద ఉండే ఎర్ర రేకలతోనే, మా పక్కింటివాళ్ళు పెరట్లో అదే మొక్క వేసి ఆకులు పారేసేవాళ్ళు, నేను ఆ ఆకు కోసుకొచ్చి పచ్చడి చేసి పెడితే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు వెళ్తే ఆ ఇంటావిడ కూతురు అదే పచ్చడి చేసి పెట్టింది, మిరపకాయ వాళ్ళది, ఘాటు మన గుంటూరు మిర్చి కంటే ఎక్కువ, అయినా పచ్చడి అచ్చం నేను చేసినట్టే ఉంది. పెద్దావిడకి తొంభై దాటాయి, మమ్మల్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది, మా పెద్దవాడి ముద్దుపేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని ఇంక వదల్లేదు, వాడు ఆవిడ చంకలోనే పెరిగాడు మరి. ఆవిడ భర్త మేం వెళ్ళడానికి కొద్ది నెలల ముందే పోయారు. వాయిదా వెయ్యొద్దని నేను ఇంతగా చెప్పేది అందుకే.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. మొదటిది ఎల్లో ఫీవర్ అనే దోమల జ్వరానికి వేసే టీకా. ట్రినిడాడ్ నుంచి ఇండియా వచ్చేవాళ్ళ దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళకి మొదటిసారి ఈ టీకా వేస్తే తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ వచ్చే ప్రమాదం కొంచెం ఎక్కువ, కాబట్టి డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. చాలామందికి తెలియంది ఏంటంటే 2016 జులై నుంచి ఈ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాతవి కూడా. అంటే అప్పట్లో టీకా వేయించుకున్నప్పుడు ఇచ్చిన పసుపు రంగు సర్టిఫికెట్ పుస్తకం ఉంటే చాలు, మా వారిది బీరువాలో పాత పాస్‌పోర్టుల మధ్య దొరికింది. ఇంకోటి, ఈ నిబంధన ఆ దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇక్కడ దిగేవాళ్ళకే, కాబట్టి తిరుగు దారిలో అమెరికాలో పిల్లల దగ్గర పది రోజులు ఉండి వచ్చేవాళ్ళకి ఈ ఇబ్బంది ఉండదు, అయినా టికెట్ కొనేముందు ఒకసారి కనుక్కోండి.

గన్నవరం నుంచి బయల్దేరితే రెండు మూడు విమానాలు మారాలి. అమెరికా మీదుగా అయితే ఎయిర్‌పోర్ట్ దాటకపోయినా వీసా కావాలి, బందరు రోడ్డులో ఒక ట్రావెల్ ఆఫీసులో అడిగితే అక్కర్లేదని చెప్పారు, వాళ్ళ మాట నమ్మి టికెట్ తీసుకుని ఉంటే ఏమయ్యేదో. అసలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి నుంచే వెళ్ళిరావడం మనలాంటివాళ్ళకి తేలిక, న్యూయార్క్ నుంచి ఐదు గంటలే. టైమ్ తేడా తొమ్మిదిన్నర గంటలు, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఏ టైమ్‌కి ఎంత అని ముందే రాయించుకోవాలి. జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. ఒకటి మాత్రం దాచను, అక్కడ నేరాలు బాగా పెరిగాయి, 2024లో హత్యలు 600 దాటాయి, ఆ డిసెంబర్ చివర్లో ఎమర్జెన్సీ పెట్టారు. మేం చీకటి పడ్డాక బయట తిరగలేదు, తెలిసినవాళ్ళ కారులోనే వెళ్ళాం.

మీ పేపర్లో ఆరోగ్యం పేజీ ఉంది, టూరిజం పేజీ ఉంది, ఈ రెండూ కలిపి పెద్దవాళ్ళ ప్రయాణాల మీద నెలకి ఒక్కసారైనా రాయించండి, టీకాలు ఎక్కడ వేస్తారు, ట్రాన్సిట్ వీసా ఎవరికి కావాలి, ఇన్సూరెన్స్ డెబ్బై దాటినవాళ్ళకి ఎవరిస్తారు, వీల్‌చైర్ ఎలా అడగాలి, ఇవన్నీ డాక్టర్లతోనూ అధికారులతోనూ మాట్లాడి రాయించండి. ట్రినిడాడ్ ఒక్కటే కాదు, జమైకాలో, గయానాలో, జాంబియాలో, నైజీరియాలో పనిచేసి వచ్చినవాళ్ళు కూడా మన జిల్లాల్లో ఉన్నారు, వాళ్ళని పలకరించి వాళ్ళ జ్ఞాపకాలు కూడా వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
పటమట, విజయవాడ