పెరటి బండలకు వాటం సరిచేసి ఇవ్వాలని కోరుతూ ఫిర్యాదు

గుంటూరు

మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన వేసవిలో మా పెరట్లో తాండూరు బండలు పరిచే పని మీ సంస్థకు అప్పగించాం. ఒప్పుకున్న డబ్బు అణా పైసలతో సహా చెల్లించాం. ఎండాకాలమంతా ఏ లోపమూ బయటపడలేదు. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి పెరట్లో పడిన నీళ్లన్నీ వంటింటి గోడ కిందికే వస్తున్నాయి.

ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య 12 అడుగుల స్థలం. ఇలాంటి చోట గోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం, అంటే నీళ్లు జారే వాలు, ఇస్తారు. ఆ లెక్కన ప్రహరీ వైపు 3 అంగుళాలు దిగాలి. మాకు తెలిసిన మేస్త్రీ గారిని పిలిచి ట్యూబు లెవెల్‌తో కొలిపించాం. ప్రహరీ వైపే ముప్పావు అంగుళం ఎత్తుగా ఉంది. వాటం చాలకపోవడం కాదండీ, అసలు తిరగబడి ఉంది. పెరట్లో బండలు పరిచేవాళ్లు మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే కదా!

దీనికి డాబా నీళ్లు తోడయ్యాయి. మా డాబా 900 చదరపు అడుగులు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద 4,000 లీటర్లకు పైగా నీళ్లు చేరతాయి. అవన్నీ ఒకే పైపులోంచి వచ్చి బండల మీద పడుతున్నాయి. ఇదివరకు ఆ పైపు కింద సిమెంటు కాలువ ఉండేది, నీళ్లు నేరుగా వీధి కాలువలోకి పోయేవి. మీ పనివాళ్లు దాన్ని పూడ్చేసి పైన బండలు వేశారు. మీరిచ్చిన ఎస్టిమేట్‌లో ‘జాలీతో సహా డ్రైనేజీ లైను’ అని స్పష్టంగా రాసి ఉంది. డబ్బు తీసుకున్నారు, లైను వేయలేదు.

మాది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందుకే పైమట్టి తీసేసి, మొరం పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. మీవాళ్లు ఉన్న మట్టి మీదే కాస్త ఇటుక ముక్కలు చల్లి బండలు పరిచారు. తులసికోట పక్కన రెండు బండలు ఇప్పటికే కుంగిపోయాయి. కాలు పెడితే టకటకమంటూ ఊగి, సందుల్లోంచి బురదనీళ్లు చిమ్ముతున్నాయి. నాచు పట్టి జారుతోందని మా అమ్మ పొద్దున్నే కోట దగ్గరికి వెళ్లడం మానేసింది. ఈ వయసులో ఆవిడ కాలు జారితే ఏమవుతుందోనని మాకు ఒకటే భయం.

వంటింటి గోడకు మోకాలెత్తున చెమ్మ ఎక్కింది. రంగు పొక్కులు లేచింది, లోపల తెల్లగా ఉప్పు తేలింది. వేలితో గీకితే సిమెంటు పొడిపొడిగా రాలుతోంది. నిలవనీళ్లలో డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా ఎదగడానికి వారం, పది రోజులు చాలు. మా పెరట్లో నీళ్లు ఒక వాన నుంచి ఇంకో వాన దాకా నిలిచే ఉంటున్నాయి.

మీ సూపర్‌వైజర్ గారు వచ్చి చూసి, గోడకు వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొడతామని, ప్రహరీకి రంధ్రం పెడతామని అన్నారు. ఈ రెంటికీ మేం ఒప్పుకోం. పునాది దగ్గర నీళ్లు అలాగే నిలుస్తుంటే లోపల ఎన్ని పూతలు పూసినా ఊడిపోతాయి. ఇక ఎత్తుగా ఉన్న వైపు రంధ్రం పెడితే నీళ్లు అటెలా వెళ్తాయి? వాటం సరిచేశాక వెళ్లినా అది పక్కింటివాళ్ల స్థలం. మా ఇంటి నీళ్లు వాళ్ల నెత్తిన పోయడం న్యాయం కాదు.

చేయాల్సిన పని ఒకటే. బండలు లేపి, అడుగున మొరం వేసి గట్టిపరిచి, వాటం ప్రహరీ వైపు తిప్పి మళ్లీ పరచండి. ప్రహరీ వారగా జాలీ కాలువ కట్టి వీధి కాలువకు కలపండి. డాబా పైపును బండల మీద వదలకుండా విడిగా పైపు లైను వేసి బయటికి తీసుకెళ్లండి. ఇంకుడు గుంత తవ్వితే మాకు సంతోషమే, కాకపోతే ఇంటి పునాదికి దూరంగా తవ్వాలి. రేగడి నేల నీటిని తొందరగా పీల్చదు కాబట్టి గుంత నిండాక పొర్లే నీళ్లకు దారి కూడా ఉండాలి. గోడ ఆరాక పాడైన మేర గిలాబా, రంగు కూడా మీ ఖర్చుతోనే చేయించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా పని ఎప్పుడు మొదలుపెడతారో రాతపూర్వకంగా తెలపండి. ఫోన్లో ‘చూస్తాం సార్’ అనే మాట ఇక వద్దు. మీ నుంచి జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో సేవాలోపంపై ఫిర్యాదు చేస్తాం. ఎస్టిమేట్, రసీదులు, ఫోటోలు అన్నీ మా దగ్గర ఉన్నాయి. అంతదూరం వెళ్లాలని మాకు లేదు, మా పెరడు బాగైతే చాలు.

పని పూర్తయ్యాక వంటింటి గుమ్మం దగ్గర నాలుగు బకెట్ల నీళ్లు మా ఎదుటే పోసి చూపించండి. ఆ నీళ్లు ఎక్కడా నిలవకుండా జాలీలోకి పోతేనే పని అయినట్టు సంతకం పెడతాం.

ఇట్లు,
మీ వినియోగదారుడు