క్యాంపు అయిన మర్నాటి నుంచి ప్లాన్ మొదలుపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ప్రాణహిత గోదావరిలో కలిసేది మా దగ్గరే, అవతలి ఒడ్డు కాళేశ్వరం. పిల్లలు బడిలో చదివేది మరాఠీ, ఇంట్లో మాట్లాడేది తెలుగు, మీ పేపర్ చదివేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఈ చలికాలంలో మా వైపు యువకులు కొందరు కలిసి పెద్ద హెల్త్ క్యాంపు పెట్టాలని చందాలు మొదలుపెట్టారు. నేనూ వాళ్లతో తిరుగుతున్నాను. మీటింగుల్లో టెంటు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథి, భోజనాల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటున్నాం గానీ క్యాంపు అయిన మర్నాడు ఆ రోగుల సంగతి ఎవరు చూస్తారనేది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ముందు తేల్చాల్సింది అదేనని నేను అక్కడా చెప్తున్నాను, మీ ద్వారా మిగతా ఊళ్లవాళ్లకూ చెప్పాలని ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కింద జరిగిన ఒక క్యాంపులో మా పెద్దమ్మకు బీపీ బాగా ఎక్కువుందని ఐదు రోజుల గోలీలిచ్చి పంపేశారు. చీటీ మరాఠీలో ఉంది, ఆమెకు ఏ భాషా చదవడం రాదు. గోలీలు అయిపోయాయి, రోగం కూడా పోయిందనుకుంది. ఆ గోలీ రోజూ వేసుకోవాలి, మానేస్తే బీపీ మళ్లీ పెరుగుతుంది, సర్కారు దవాఖానలో ఉచితంగానే ఇస్తారు అని ఆ రోజు తెలుగులో చెప్పే మనిషి ఒక్కరు కూడా అక్కడ లేరు.

అసలు బీపీ అనేది ఒక్క క్యాంపులో తేలే విషయమే కాదు. మనిషి ఎండలో నడిచొచ్చి, గంట లైన్లో నిలబడి, డాక్టర్ ఎదురుగా కూర్చునేసరికి ఆ టెన్షన్‌కే పెరుగుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి చూడాలి, 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకో రోజు మళ్లీ చూడాలి. షుగరూ అంతే, వేలికి గుచ్చి చూసింది అనుమానం వరకే, పరగడుపున రక్తం తీసి ల్యాబులో చూస్తే 126 గానీ అంతకు మించి గానీ వస్తే అప్పుడు షుగర్ అంటారు, అదీ రెండోసారి చూసుకున్నాకే. అంటే రెండో రోజు లేని క్యాంపులో ఇవేవీ తేలవు.

ఇంక సికిల్ సెల్, అంటే అమ్మానాన్నల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బు. మా జిల్లాలో, ముఖ్యంగా గోండు, మాడియా కుటుంబాల్లో దీని గురించి పట్టించుకోకుండా క్యాంపు పెట్టడంలో అర్థం లేదు. 2047 నాటికి ఈ జబ్బును తుడిచేయాలని 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. అయితే అక్కడికక్కడ చేసే సాల్యుబిలిటీ టెస్టులో పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టా, లేక అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వచ్చిన ఆ లక్షణం (ట్రెయిట్) మాత్రమే ఒంట్లో ఉండి మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టా అనేది తెలియదు, దానికి హెచ్‌పీఎల్‌సీ లాంటి పెద్ద పరీక్ష కావాలి. ఆ రిపోర్టు వచ్చేది క్యాంపు ఎత్తేశాక. దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తలుపు దగ్గర కాదు, లోపల కూర్చుని చెప్పే మనిషి ఎవరో ఇప్పుడే అనుకోవాలి. మైకులో పేరు పిలిచి, నలుగురి ముందు "నీకు సికిల్ ఉంది" అంటే ఒక ఆడపిల్ల సంబంధం తప్పిపోవచ్చు. ఇద్దరిలోనూ లక్షణం ఉండి పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ మాట ఆ ఇద్దరికీ, కావాలంటే వాళ్ల అమ్మానాన్నలకూ తెలియాలి. ఊరికి అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో నేను మా కమిటీతో గట్టిగానే వాదించాను, ఇంకా వాదిస్తాను.

తేదీ దగ్గర కూడా ఊళ్లవాళ్లను అడగకుండా పెద్ద డాక్టర్ గారికి ఖాళీ ఎప్పుడో చూసి పెట్టేస్తున్నారు. వానాకాలంలో వాగులు పొంగితే దారులుండవు. ఫిబ్రవరి వచ్చిందంటే కూలీలంతా మిర్చి ఏరడానికి తెలంగాణకు వెళ్లిపోతారు, ఎండాకాలంలో తునికాకు. వరి కోతలయ్యాక, మిర్చికి బయల్దేరక ముందు ఉన్న ఆ కొద్ది రోజులే మనకు చిక్కేది. అంగడి రోజు పెడితే జనం ఎలాగూ వస్తారని కొందరంటున్నారు, కానీ సరుకులు నెత్తిన పెట్టుకుని, బండి వెళ్లిపోతుందని తొందరపడే మనిషి అరగంట కూర్చుని మాట వింటాడా? నాకు నమ్మకం లేదు.

దవాఖానల సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలి. మా జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైమాటే, అందుకే జబ్బు ముదిరితే మావాళ్లు వంతెన దాటి భూపాలపల్లి, వరంగల్ వైపే పోతారు. రేషన్ కార్డు మహారాష్ట్రది, కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తించదు, అప్పులు చేస్తారు. ఆయుష్మాన్ కార్డు ఉంటే పక్క రాష్ట్రంలో కూడా ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం దొరుకుతుంది, 70 ఏళ్లు నిండినవాళ్లకైతే 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో పనిలేకుండా ఇస్తున్నారు. క్యాంపులో ముఖ్య అతిథి వేదిక మానేసి ఆ జాగాలో ఈ కార్డులు చేసిచ్చే టేబుల్ వేయమని అడిగాను. సిగ్నల్ బాగా వచ్చే చోటు చూసుకోవాలి, ఓటీపీ రాకపోతే పొద్దంతా వృథా.

ఇవన్నీ పెద్ద ఖర్చు పనులు కావు. తాలూకా ఆరోగ్య అధికారినీ, ఊరూరి ఆశా కార్యకర్తలనూ మొదటి మీటింగుకే పిలవాలి, ఆఖరి రోజు శాలువా కప్పడానికి కాదు. అనుమానం తేలిన ప్రతి పేరుకూ ఎదురుగా మళ్లీ ఎప్పుడు, ఎక్కడ చూపించుకోవాలో, ఏ ఆశా అక్క వెంట వస్తుందో రాసిన పుస్తకం ఒకటి ఉండాలి, అది క్యాంపు పెట్టినవాళ్ల ఇంట్లో కాకుండా దవాఖానలోనే భద్రంగా ఉండాలి. చీటీ తెలుగులో, మరాఠీలో రెండింట్లోనూ. చదవడం రానివాళ్లకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని తెలిసేలా సూర్యుడు, చంద్రుడి బొమ్మలు. ఆడవాళ్లకు పరదా కట్టిన గది, వీలైతే లేడీ డాక్టర్. మెడికల్ రెప్పులు ఇచ్చే శాంపిల్ మందులు పంచడం మాత్రం వద్దు, వారానికి అయిపోయే మందు మొదలుపెట్టించి ఏం లాభం?

2022లో ప్రాణహిత పుష్కరాలకు వచ్చిన జనానికి మా చిన్న ఊళ్లో ఘాట్లు, నీళ్లు, దారులు అన్నీ ఏర్పాటు చేసుకోగలిగాం. ఇదీ చేసుకోగలం.

ఎడిటర్ గారూ, ఇటువైపు ఎక్కడ క్యాంపు జరిగినా ప్రారంభోత్సవం ఫొటో వేస్తారు కదా, మూడు నెలలయ్యాక అదే ఊరికి మీ విలేకరిని మళ్లీ పంపించండి. ఎంతమంది రెండోసారి చూపించుకున్నారో, ఎంతమంది మందులు వాడుతున్నారో అడిగి రాయమనండి. మా క్యాంపుతోనే మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా