ష్రూస్‌బరీలో మకాం, రోజుకో దిక్కు

ఒరేయ్ రఘూ,

అమ్మగారూ నాన్నగారూ జూన్‌లో వస్తున్నారని, లండన్ అయ్యాక ఒక వారం పల్లెపట్టు చూపిద్దామని రాశావు. కాట్స్‌వోల్డ్స్ అయితే కారు లేనిదే కుదరదు, పైగా జనం. నా మాట విని ష్రూస్‌బరీలో మకాం పెట్టు. ష్రాప్‌షైర్ కౌంటీకి అదే ముఖ్య పట్టణం. సెవర్న్ నది ఊరిని దాదాపు చుట్టేసి, ఒక్క ఇరుకు మెడ మాత్రం వదిలిపెట్టింది. ఆ మెడ మీద కోట, దాని పక్కనే రైల్వేస్టేషన్. అక్కణ్ణించి అయిదు దిక్కులకు రైళ్లున్నాయి. నేను చెప్పబోయే ఊళ్లలో ఒక్క ఐరన్‌బ్రిడ్జ్ తప్ప అన్నీ రైల్లో అరగంట లోపే.

ఒకటే షరతు: రోజుకు ఒకే దిక్కు. మ్యాపులో దగ్గరగా కనిపిస్తున్నాయి కదా అని పొద్దున ఒకచోటికి, మధ్యాహ్నం ఇంకోచోటికి పెట్టుకుంటే, రోజంతా స్టేషన్ బెంచీల మీదే గడిచిపోతుంది.

బస నది వంపు లోపలే చూడు. పాత కర్రచట్రం ఇళ్లలోని హోటళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ చాలావాటిలో లిఫ్టు ఉండదు, మెట్లు ఇరుకు, నేల కూడా వాలుగా ఉంటుంది. అమ్మగారి మోకాళ్ల సంగతి ముందే చెప్పి కింది అంతస్తు గది అడుగు. కారు తెచ్చే ఆలోచన ఉంటే నది ఒడ్డునున్న ఫ్రాంక్‌వెల్ పార్కింగ్ గురించి ఒక మాట: వరదొస్తే ముందు మునిగేది అదే. జూన్‌లో ఆ భయం తక్కువ, చలికాలంలో మాత్రం అక్కడ కారు వదిలి నిద్రపోకూడదు.

మొదటి రోజు ఊరే. స్టేషన్ నుంచి కాస్త ఎత్తెక్కితే కోట, దాని ఎదురుగా పాత బడి. ఇప్పుడది లైబ్రరీ. డార్విన్ చదివింది అక్కడే, ముందు ఆయన విగ్రహం ఉంటుంది. 1809లో ఈ ఊళ్లోనే పుట్టాడు. అక్కణ్ణించి ప్రైడ్ హిల్ మీదుగా స్క్వేర్‌కి, ఆ తర్వాత బుచర్ రో, ఫిష్ స్ట్రీట్ సందుల్లోకి వెళ్లండి. వైల్ కాప్ మాత్రం పైనుంచి కిందికే నడిపించు, ఆ ఏటవాలు ఎక్కడం పెద్దవాళ్లకు కష్టం. కిందికి దిగాక ఇంగ్లిష్ బ్రిడ్జ్ దాటితే 1083లో మొదలైన అబ్బీ, అంటే పాత క్రైస్తవ మఠం. తిరుగుదారిలో కొండెక్కకుండా నది ఒడ్డు బాట పట్టుకుంటే నేల చదును, క్వారీ పార్కు దాకా తీసుకొస్తుంది. పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే కూర్చుని తినడానికి అంతకంటే మంచి చోటు లేదు. మార్కెట్ హాల్లో శాకాహారం బాగానే దొరుకుతుంది, కాకపోతే ఆది, సోమవారాలు మూసేస్తారు. పబ్బుల్లో వంట మధ్యాహ్నం రెండు, రెండున్నరకి ఆపేసి మళ్లీ సాయంత్రమే మొదలెట్టేవి చాలా ఉన్నాయి. కాబట్టి ఒంటిగంటకల్లా కూర్చోండి.

ఆ స్క్వేర్‌లో కంచు విగ్రహం ఎవరిదో తెలుసా? రాబర్ట్ క్లైవ్‌ది. ఈ కౌంటీలోనే పుట్టాడు, ఈ ఊరికి పార్లమెంటు సభ్యుడు, మేయరు కూడా. 2020లో విగ్రహం తీసెయ్యాలని సంతకాలు సేకరిస్తే, కౌన్సిల్ ఉంచాలనే నిర్ణయించింది. నాన్నగారికి ఇక్కడ చెప్పవలసిన కథ ఉంది. మీ పిఠాపురం దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో ఫ్రెంచివాళ్లను ఓడించిన కర్నల్ ఫోర్డ్‌ని బెంగాల్ నుంచి పంపింది ఈయనే. మరుసటి ఏప్రిల్లో బందరు కోట పడింది. 1765లో షా ఆలం చేత ఉత్తర సర్కారుల ఫర్మానా రాయించుకున్నదీ ఈయనే. మన కోస్తా జిల్లాలు కంపెనీ చేతికి పోయిన దారిలో ఈ మనిషి అడుగులు అంత స్పష్టంగా ఉన్నాయి.

అందుకే రెండో రోజు పొవిస్ కోటకి పెట్టుకోమంటాను. అది వేల్స్ సరిహద్దు అవతల వెల్ష్‌పూల్‌లో ఉంది. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడే, 1799లో శ్రీరంగపట్నం పడింది. టిప్పు సుల్తాన్ డేరా, సింహాసనం మీది బంగారు పులి తల అలా ఈ ఇంటికి చేరాయి. మన దేశపు వస్తువులు వెయ్యికి పైగా ఉన్నాయక్కడ. చూస్తుంటే కడుపు మండుతుంది, అయినా చూడాలి. దంతపు పని, కత్తుల పిడుల మీది నగిషీ తీరిగ్గా చూసే ఓపికతో వెళ్లండి, గంటన్నర చాలదు. తోట కొండవాలు మీద అంచెలంచెలుగా ఉంటుంది. అమ్మగారు పై అంచె నుంచి చూసి ఆగిపోవచ్చు, అందమంతా అక్కణ్ణించే కనిపిస్తుంది. స్టేషన్ నుంచి కోటకి మైలుకు పైగా ఎత్తుదారి, కాబట్టి టాక్సీ ముందురోజే చెప్పిపెట్టు, స్టేషన్ బయట నిలబడి ఉంటాయనుకోకు. రైళ్లు ఎక్కువగా రెండు గంటలకొకటి. ఒకటి తప్పిపోతే సాయంత్రం పోయినట్టే, అందుకని ముందు తిరుగురైలు వేళ చూసుకుని, దాన్నిబట్టి పోయే రైలు ఎంచుకో. కోట లోపలి గదులు తెరిచే రోజులూ వేళలూ మారుతుంటాయి, టికెట్ కొనేముందు అది చూసుకో.

మూడో రోజు దక్షిణం దిక్కు, హెర్‌ఫర్డ్ లైను. లడ్లో ఊరికి ఆఫ్-పీక్ రిటర్న్ (రద్దీ లేని వేళల రానుపోను టికెట్) కొంటే సాధారణంగా మధ్యలో క్రేవెన్ ఆర్మ్స్‌లో దిగి మళ్లీ ఎక్కొచ్చు. ఫలానా రైలుకే అని ముందే కొనే అడ్వాన్స్ టికెట్ అయితే కుదరదు. దిగి ఒక మైలు నడిస్తే స్టోక్‌సే కోట. 13వ శతాబ్దం చివర ఒక ఉన్ని వ్యాపారి కట్టుకున్న ఇల్లది, పేరుకే కోట. పెద్ద హాలు పైకప్పు దూలాలు చూడండి. లడ్లోలో సంత సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో కోట ముందే జరుగుతుంది, ఆ రోజుల్లోనే వెళ్లండి. లడ్లో కోటని 1811లో కొన్నదీ ఆ ఎడ్వర్డ్ క్లైవే. ఒక జాగ్రత్త: వేగంగా పోయే రైళ్లు కొన్ని క్రేవెన్ ఆర్మ్స్‌లోనూ చర్చ్ స్ట్రెటన్‌లోనూ ఆగవు. ఎక్కేముందు ఆగే స్టేషన్ల జాబితా చదువు.

ఐరన్‌బ్రిడ్జ్ నాలుగో రోజుకి. ఇప్పుడక్కడ రైల్వేస్టేషన్ లేదు. ష్రూస్‌బరీ నుంచి బస్సు, లేదా టెల్ఫర్డ్ సెంట్రల్ దాకా రైల్లో పోయి అక్కణ్ణించి బస్సో టాక్సీయో. ఆదివారం బస్సుల్ని నమ్ముకోకు. 1779లో పోతయినుముతో నిలబెట్టిన ఆ వంతెన మీద నడవడానికి టికెట్ లేదు. మ్యూజియంలు మాత్రం లోయ పొడుగునా చెదురుగా ఉన్నాయి, అన్నీ చూడాలనుకుంటే కాళ్లు పడిపోతాయి. కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో కర్రబొగ్గుకి బదులు కోక్‌తో (రాతిబొగ్గు నుంచి చేసే ఇంధనం) ఇనుము తీసిన కొలిమి ఒక్కటీ చూస్తే చాలు.

పెద్దవాళ్లు అలిసిపోయిన రోజున వాళ్లని క్వారీ పార్కులో పూలతోట దగ్గర కూర్చోబెట్టి, నువ్వూ సుధా లాంగ్ మిండ్ కొండ ఎక్కిరండి. చర్చ్ స్ట్రెటన్‌లో దిగి, కార్డింగ్ మిల్ లోయ గుండా వాగు వెంబడి లైట్‌స్పౌట్ జలపాతం, అక్కణ్ణించి 516 మీటర్ల పోల్ బ్యాంక్ శిఖరం, టౌన్‌బ్రుక్ లోయ మీదుగా తిరుగుదారి. ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు పైనే. జలపాతం పక్క మెట్టరాళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, అరిగిన బూట్లు పనికిరావు. పైన మబ్బు దిగితే హెదర్ పొదల మధ్య బాటలన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఫోను సిగ్నలూ నమ్మకం లేదు. అందుకని ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 217 కాగితం మ్యాపు కొనుక్కో. జూన్‌లో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క నడుమెత్తు పెరుగుతుంది, అందులో పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి, నలపకుండా నిదానంగా లాగాలి. కారుంటే బర్వే రోడ్డు మీద పైకి పోవచ్చంటారు గానీ, ఒక బండి పట్టే దారి, పక్కన లోయ, ఎదురుబండి వస్తే వెనక్కి నడపాలి. అలవాటు లేనివాళ్లకు వద్దు.

డబ్బు సంగతి. నాన్నగారూ అమ్మగారూ కలిసే తిరుగుతారు కాబట్టి చెరొక సీనియర్ కార్డు కంటే ఇద్దరికీ కలిపి ఒక టూ టుగెదర్ రైల్‌కార్డ్ చవక. మూడో వంతు తగ్గింపు, కానీ పనిరోజుల్లో తొమ్మిదిన్నర లోపు చెల్లదు. పాత కట్టడాలు చూసుకునే సంస్థలు రెండున్నాయి: పొవిస్ నేషనల్ ట్రస్ట్‌ది, స్టోక్‌సే ఇంగ్లిష్ హెరిటేజ్‌ది. ఒకదాని సభ్యత్వం ఇంకోచోట పనిచేయదు. స్టోన్‌హెంజ్ కూడా చూపించే ఉద్దేశం ఉంటే ఇంగ్లిష్ హెరిటేజ్ విదేశీ సందర్శకుల పాసు లెక్క కట్టి చూడు, స్టోక్‌సే ఒక్కదానికైతే దండగ.

గొడుగులు వద్దు, గాలికి నిలవవు. టోపీ ఉన్న రెయిన్‌కోట్లు కొను. తేదీలు ఖాయం కాగానే రాయి, ఏ వారం ఏ రోజు ఏ దిక్కో రైలు వేళలతో సహా కూర్చి పంపుతాను.

నీ
శ్రీను